పంచాయతీ లెక్కల్లో డ్రైన్ పూర్తయింది, మా గల్లీలో సగమే ఉంది. ఏం అడగాలి?

ప్రశ్న (మహిళా సంఘం సభ్యురాలు):

మాది తెలంగాణలో చిన్న గ్రామ పంచాయతీ. మా గల్లీలో సీసీ డ్రైన్ మొదలుపెట్టి మలుపు దాకా వేసి వదిలేశారు. అక్కడి నుంచి మురుగంతా అంగన్‌వాడీ ముందు నిలుస్తోంది. చిన్న పిల్లలు ఆ నీళ్లలో కాళ్లు పెట్టే లోపలికి వెళ్తున్నారు.

ఈ మధ్య మా అబ్బాయి ఫోన్‌లో ఈ-గ్రామస్వరాజ్ (పంచాయతీ లెక్కలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్) తెరిచి చూపించాడు. 15వ ఆర్థిక సంఘం నిధుల కింద డ్రైన్ పనికి బిల్లు చెల్లించినట్టు ఉంది. సెక్రటరీ గారిని అడిగితే "పని అయిపోయిందమ్మా, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కూడా రాశారు" అన్నారు. గ్రామసభలో అడుగుదామంటే సభ పెట్టిన సంగతే మాకు తెలియదు, సంతకాల కాగితం మాత్రం ఇంటింటికీ తిరిగింది. సర్పంచ్ గారు నాకు వరుసకు బాబాయి. తగవు పెట్టుకోవాలని లేదు, కాలువ పూర్తయితే చాలు. ఎవరిని, ఏం అడగాలి?

జవాబు 1:

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెట్టండి మేడమ్. గ్రామ పంచాయతీ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు. తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. కాగితం ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.

జవాబు 2 (ఒకప్పుడు సోషల్ ఆడిట్‌లో పనిచేసిన వ్యక్తి):

అక్కా, పై సలహా సరైనదే. కానీ "డ్రైన్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక వోచర్ కాపీ చేతిలో పెట్టి పంపిస్తారు. మీరు అడగాల్సింది ఎం-బుక్.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్ మొదలైంది. తర్వాత నేనూ అందులో చేరాను. ఇంటింటికీ వెళ్లి మస్టర్లు (కూలీల హాజరు పట్టికలు) చదివి వినిపించేవాళ్లం. "ఈ వారం నువ్వు ఆరు రోజులు పనికి వచ్చినట్టు రాశారు పెద్దమ్మా, నిజమేనా?" అని అడిగేవాళ్లం. ఆఖర్న మండలంలో ప్రజావేదిక, అంటే అందరి ముందు బహిరంగ విచారణ, జరిగేది. "డబ్బులన్నీ తినేశారు" అని కేకలేసిన ఊళ్లో ఏదీ తేలేది కాదు. "పుస్తకంలో ఇన్ని మీటర్లు రాశారు, టేపు పెడితే ఇంతే వచ్చింది" అని ఒక్కరు నిలబడి చదివితే ఇంజినీరు జవాబు చెప్పక తప్పేది కాదు. అందుకే నాకు ఎం-బుక్ మీద అంత పట్టుదల.

అందులో పొడవు, వెడల్పు, మందం రాసి, గుణించి ఘనపు మీటర్లు కడతారు. బిల్లు దాన్ని బట్టే వస్తుంది. మీ కాలువ మలుపు దగ్గర ఆగిపోయింది కదా, అక్కడ కొస తెరిచే ఉంటుంది. అడుగు కాంక్రీటు మందం, పక్క గోడల మందం కంటికే కనిపిస్తాయి, స్కేలు పెట్టి చూడండి. కొసలో ఒక్కచోట మందంగా వేసి మధ్యలో పలచగా లాగించేవాళ్లూ ఉంటారు, కాబట్టి అది చూసే తృప్తి పడకండి. ఆర్టీఐ చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన మెటీరియల్ నమూనా ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది. చాలామంది కాగితాలకే హక్కు ఉందనుకుంటారు.

ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. సంఘంలో నలుగురిని తీసుకుని పట్టపగలు వెళ్లండి.

జవాబు 3 (పంచాయతీ కార్యదర్శి):

అమ్మా, నేను వేరే జిల్లాలో సెక్రటరీగా ఉన్నాను. ముందే ఎవరినీ దొంగ అనుకోకండి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలి. అందుకని డ్రైన్ పేరుతో చాలా వోచర్లు కనిపిస్తాయి. మీరు చూసింది పక్క గల్లీది కావచ్చు, పూడిక తీసిన ఖర్చు కావచ్చు, పార్ట్ బిల్లు (అయినంత పనికే ఇచ్చే బిల్లు) కావచ్చు. పని చేయించి బిల్లు రాక అప్పుల పాలైన సర్పంచులూ ఉన్నారు. అయితే "పని అయిపోయింది" అన్నాక ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అయిందో చూపించే బాధ్యత మాదే.

ఎం-బుక్‌లో కొలతలు రాసేది పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). పుస్తకం మా దగ్గర లేదంటే, దరఖాస్తును అయిదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకు పంపాల్సింది మేమే. మళ్లీ రాసుకురమ్మని మిమ్మల్ని తిప్పకూడదు.

గ్రామసభ సంగతి మాత్రం నాకు బాధగా ఉంది. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. సభ జరగకుండా సంతకం అడిగితే పెట్టకండి. రేపు ఆ సంతకమే "అందరూ ఒప్పుకున్నారు" అని చెప్పడానికి పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ నమస్కారం. సంఘం మీటింగులో చదివి వినిపించాను. ముగ్గురు నాతో వస్తామన్నారు, అంగన్‌వాడీ టీచర్ కూడా. దరఖాస్తు ఇలా రాశాం, సరిపోతుందా?

"మా వార్డులోని సీసీ డ్రైన్ పనికి సంబంధించి: 1. గ్రామసభ తీర్మానం, హాజరు పట్టిక నకలు. 2. ఎస్టిమేటు నకలు. 3. ఎం-బుక్‌లో ఈ పని పేజీల నకలు. 4. చెల్లించిన బిల్లులు, వోచర్లు. 5. పనిని మా సమక్షంలో కొలిచి చూసుకునేందుకు తేదీ, సమయం."

బాబాయితో ముందే చెప్పాను, దాచి చేయడం నాకు ఇష్టం లేదు. "ఇవ్వమ్మా" అన్నారు, ఇంకేం మాట్లాడలేదు.

జవాబు 2:

బాగుంది అక్కా. మూడో అంశంలో ఒక మాట కలపండి: కొలతలు రాసిన తేదీ, వాటిని డీఈ (ఏఈ పై ఇంజినీరు) చెక్ చేసిన తేదీ. ఐదో దాంట్లో "మెటీరియల్ నమూనా తీసుకునేందుకు" అని కూడా రాయండి. ఎస్టిమేటులో కాలువ ఎక్కడి దాకా వెళ్లాలో రాసి ఉంటుంది, కాగితం రాగానే ముందు అదే చూడండి. మలుపు వరకే మంజూరైతే మీరు అడగాల్సింది మిగతా భాగానికి కొత్త తీర్మానం. అంగన్‌వాడీ దాకా మంజూరై ఉంటే ఆ పేజీ ఫొటో తీసి, పేర్లు కనిపించకుండా చేసి ఇక్కడ పెట్టండి, కొలతలు కలిసి చూద్దాం.