బడి మానిపించి ఇంట్లోనే చదివించడం మన వైపు కుదిరే పనేనా?

చెరువుగట్టు:
మాది భీమవరం వైపు ఉండి అనే ఊరి దగ్గర. మావాడు ప్రైవేటు బడిలో ఐదో తరగతి. పొద్దున్న ఏడింటికి వ్యాన్ ఎక్కితే మళ్ళీ ఇంటికొచ్చేది సాయంత్రం ఆరింటికి. ఇప్పుడు ఆదివారం కూడా స్టడీ అవర్ అంటున్నారు. మానిపించేద్దామని నేను, వద్దని మా ఆవిడ. సిలబస్ కూడా పెట్టకుండా ఇష్టమైంది నేర్చుకోనివ్వాలని నా ఆలోచన. అమెరికాలో జాన్ హోల్ట్ అనే టీచరు 1970ల్లో చెప్పిన అన్‌స్కూలింగ్ అదే కదా. చెరువులో వల విసిరి పట్టిన రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్నొస్తాయో మావాడు నోటి లెక్కన కౌంటు చెప్పేస్తాడు. అదే భాగహారం బడిలో తప్పుతాడు!

లంకటీచర్:
కౌంటు చెప్పడం మంచిదేనండి. మరి మందు సంచి మీద హెక్టారుకి ఇంత అని ఉంటే, మీ ఎకరంన్నర చెరువుకి ఎంతో కట్టమనండి. అవసరం పడ్డదే నేర్చుకునేవాడు అక్కడ ఆగిపోతాడు. అలాగని మా గవర్నమెంటు బడి గొప్పని అనను. ఐదు తరగతులకి ఇద్దరం, ఒకళ్ళకి పాఠం చెబుతుంటే ఇంకోళ్ళు అల్లరి. ఆగస్టులో గోదారి పొంగితే బడికి పడవే దిక్కు. కానీ మా పిల్లల్లో కొందరికి తల్లి గల్ఫ్‌లో, తండ్రి కొబ్బరి దింపులో. వాళ్ళని ఇంట్లో ఎవరు చదివిస్తారు? మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారు?

భీమవరంఅక్క:
విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్చకపోతే శిక్ష మాత్రం రాయలేదు. పది పరీక్షకి జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండాలి. దారి లేక కాదు తమ్ముడూ, పక్కన కూర్చునేది ఎవరని! నువ్వు రాత్రంతా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల దగ్గర, పగలు నిద్ర. ఆ చదువు చెప్పే పని మీ ఆవిడ నెత్తినే పడుతుంది. ఆవిడ వద్దనేది అందుకేనేమో.
అయినా నీ గొడవ బడితో కాదు, స్టడీ అవర్‌తో. ఊళ్ళో గవర్నమెంటు బడి నాలుగింటికల్లా వదిలేస్తారు. మిగతా సాయంత్రం చెరువుగట్టు మీద నేర్పుకో, ఎవరొద్దన్నారు?

చెరువుగట్టు:
ఆ మాటా అన్నానక్కా. చుట్టాలు నవ్వుతారంటుంది.

లంకటీచర్:
ఫీజు చుట్టాలు కడుతున్నారా అండీ? టీసీ ఇప్పుడే అడగండి, బాకీ ఉందని తిప్పుతారు. అది ఆలస్యమైందని చేర్చుకోం అనడానికి మాకు వీల్లేదు, అదీ ఆ చట్టంలోనే ఉంది.