స్కూబా రెగ్యులేటర్ కడిగేటప్పుడు పర్జ్ బటన్ నొక్కవచ్చా, నొక్కకూడదా?

ఉప్పుగాలి:
అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఆరు డైవ్‌లు చేసి నిన్ననే విశాఖ చేరాను. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఈసారి నా సొంతది తీసుకువెళ్లాను. అక్కడి సహాయకుడు దాన్ని తొట్టిలో ముంచి, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మీద గాలి వదలడానికి ఉండే పర్జ్ బటన్ నాలుగైదుసార్లు నొక్కుతూ జాడించాడు. రుషికొండలో నాకు నేర్పిన గురువుగారు మాత్రం నీళ్లలో ఉండగా ఆ బటన్ జోలికి పోవద్దని గట్టిగా చెప్పారు. ఎవరి మాట వినాలి?

గవ్వ:
గురువుగారి మాటే. బటన్ వెనుక ఒక మీట, ఆ మీట చివర స్ప్రింగ్ బలంతో మూసుకుని ఉండే కవాటం ఉంటాయి. నొక్కితే కవాటం తెరుచుకుంటుంది. గొట్టంలో గాలి ఒత్తిడి లేకపోతే తొట్టిలో నీళ్లు ఆ దారినే సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ వరకు పోతాయి. అక్కడ చేరిన తడి త్వరగా ఆరదు, ఇత్తడికి చిలుము పడుతుంది. ఫస్ట్ స్టేజ్‌లోకి గాలి వెళ్లే రంధ్రాన్ని మూసే డస్ట్ క్యాప్ కూడా పొడిగా తుడిచి బిగించిన తరువాతే రెగ్యులేటర్‌ను నీళ్లలో పెట్టాలి.

లంగరు:
తొమ్మిదేళ్లుగా అండమాన్‌లో డైవ్ కేంద్రంలో పనిచేస్తున్నాను. బటన్ రోజూ నొక్కుతాను. ఒడ్డు నుంచి దిగేవాళ్ల సెకండ్ స్టేజ్‌లోకి ఇసుక చేరుతుంది. నొక్కి కడగకపోతే ఊపిరి వదిలే చోట ఉన్న రబ్బరు రేకు కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా చాలు, మర్నాడు గాలి పీల్చినప్పుడల్లా నోట్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. పుస్తకం చూసి చెప్పడం వేరు, రోజుకు ముప్పై సెట్లు కడగడం వేరు.

గవ్వ:
ముప్పై సెట్లు కడిగినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. నొక్కకూడదు.

పగడం:
నీళ్లలో కాస్త వెనిగర్ కలిపితే మంచిదంటారు, నిజమేనా?

లంగరు:
విప్పిన ఇత్తడి భాగాల మీది తెల్లపొర తీయడానికి సర్వీసు చేసేవాళ్లు వాడతారు. ఇంట్లో మొత్తం సెట్టును అందులో నానబెట్టవద్దు. ఇక గవ్వగారూ, ఇసుక సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

గవ్వ:
మీరు చిలుము సంగతికి చెప్పారా?

చెరువుగట్టు:
హైదరాబాద్‌లో మాకు బోరు నీళ్లే దిక్కు. వాటితో కడిగినా తెల్లమరకలే.

ఉప్పుగాలి:
లంగరుగారూ, ఒక్క మాట. మీరు బటన్ నొక్కేటప్పుడు రెగ్యులేటర్ సిలిండర్‌కు తగిలించి ఉంటుందా?

లంగరు:
తగిలించే ఉంటుంది. సిలిండర్ తెరిచి, గాలి బయటికి పారుతుండగా నొక్కుతాను. తీసేసిన తరువాత నొక్కే వెర్రివాణ్ణి కాను.

గవ్వ:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఉప్పుగాలిగారి సెట్టును మీవంటి కేంద్రంలోనే, సిలిండర్ లేకుండా తొట్టిలో ముంచి నొక్కారు. అందుకే నాకు కోపం. రెండేళ్ల క్రితం ఒకచోట మా అమ్మాయికి అద్దె సెట్టు ఇచ్చారు. పద్నాలుగు మీటర్ల లోతున సెకండ్ స్టేజ్ నుంచి గాలి ఆగకుండా పారింది. నా రెండో మౌత్‌పీస్ దాని నోటికి అందించి ఇద్దరం కలిసి పైకి వచ్చాం. ఒడ్డున ఫస్ట్ స్టేజ్ విప్పించి చూస్తే ఫిల్టర్ ఆకుపచ్చగా ఉంది. మా అమ్మాయికి పదహారేళ్లు. ఇప్పటికీ సముద్రం పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది.

లంగరు:
అమ్మాయి క్షేమంగా వచ్చింది, అది చాలు. కానీ నింద తొట్టి దగ్గర నిలబడినవాడి మీద వేయకండి. వేసవిలో మాకు మంచినీళ్లు ట్యాంకర్‌తో వస్తాయి. ముప్పై సెట్లకు ఒకటే తొట్టి. పదో సెట్టు ముంచేసరికి ఆ నీళ్లు నాలుకకు ఉప్పగా తగులుతాయి. మార్చమని అడిగితే యజమాని రేపు చూద్దాం అంటారు. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానితే తప్ప ఎండిన ఉప్పు కరగదని నాకు తెలుసు. అరగంట ఎక్కడ? తరువాతి పడవ ఎదురుచూస్తూ ఉంటుంది. వచ్చినవాళ్లు పక్క కేంద్రంలో ఐదువందలు తక్కువని బేరమాడతారు. ఆ తగ్గించిన డబ్బు సర్వీసు ఖర్చు నుంచే పోతుంది.

గవ్వ:
మొదటిసారి దిగేవాడికి ఫస్ట్ స్టేజ్ అంటే ఏమిటో కూడా తెలియదు. బేరమాడాడని అతని ఊపిరితో ఆడుకోవచ్చా? నీళ్లు లేకపోతే ఆ రోజు పది సెట్లే ఇవ్వండి.

లంగరు:
ఆ మాట చెప్పినందుకు ఒక సీజన్‌లో నన్ను పని మానిపించారు. మీరు ఇక్కడ రాసినంత గట్టిగా అక్కడ కౌంటర్ దగ్గర అడిగి ఉంటే నాకు కొంత బలం ఉండేది. ఎవరూ అడగరు.

గవ్వ:
నేను అడిగాను. డబ్బు వాపసు ఇస్తామన్నారు. అంతే.

ఉప్పుగాలి:
మీ ఇద్దరి మాటలూ చదివాక డస్ట్ క్యాప్ విప్పి చూశాను. ఫిల్టర్ ఇంకా వెండిరంగులోనే ఉంది. క్యాప్ లోపల మాత్రం తెల్లటి ఉప్పుమరక ఉంది. తడిగానే బిగించినట్టున్నారు. ఏం చేయాలి?

లంగరు:
ఈ సెట్టుతో మళ్లీ దిగవద్దు. సర్వీసుకు ఇచ్చి, నీళ్లు లోపలికి పోయి ఉండవచ్చని స్పష్టంగా చెప్పండి. గొట్టాలు విప్పి ఆరబెట్టి, ఫస్ట్ స్టేజ్‌లో సిలిండర్ గాలిని ఆపే హై ప్రెషర్ సీట్ చూడమనండి. తరువాత గేజ్ పెట్టి రెండు స్టేజ్‌ల మధ్య గొట్టంలో ఉండే ఒత్తిడి నిలకడగా ఉందో, మెల్లగా ఎక్కుతోందో కొలవమనండి. ఎక్కుతూ ఉంటే సీట్ పాడైనట్టే.

గవ్వ:
ఇందులో నాకూ వేరే మాట లేదు. వచ్చేసారి తొట్టి దగ్గర మీరే నిలబడి కడుక్కోండి.