ఫ్రూటెడ్ సోర్ బీర్ ఇంత పుల్లగా ఉండాలా, లేక పాడైపోయిందా?

గోదారోడు:
అందరికీ నమస్తే. నేను ఆస్టిన్‌లో ఉంటున్నా, ఇన్నాళ్ళూ లాగర్, ఎప్పుడైనా వీట్ బీర్, అంతే. మొన్న శనివారం ఫ్రెండ్ ఒకడు నాలుగు క్యాన్ల ప్యాక్ ఇచ్చి వెళ్ళాడు, మ్యాంగో, ప్యాషన్ ఫ్రూట్ వేసిన సోర్ అని ఉంది. గ్లాసులో పోస్తే వాసన అచ్చం పండిన మామిడిపండే, సరే తియ్యగా ఉంటుందని పెద్ద గుక్క వేశా, పళ్ళు పులిసిపోయాయి. తీపి అస్సలు లేదు, బీర్‌లో ఉండే చేదు కూడా లేదు, పుల్ల మామిడికాయ కొరికినట్టు ఉంది. పైగా అడుగున గుజ్జులాంటిది దిగింది. పాడైందనుకుని సగం పారబోశా. మిగిలిన మూడూ కిచెన్ కప్‌బోర్డ్‌లో ఉన్నాయి. ఇది ఇలాగే ఉంటుందా? ఉంటే అసలు ఎలా తాగాలి?

మాల్ట్ మామ:
తమ్ముడూ ముందు ఆ మూడు క్యాన్లూ ఫ్రిజ్‌లో పెట్టు, తర్వాత చదువు. వీటిల్లో కొన్నిటికి పండ్ల గుజ్జు చివర్లో కలిపి పాశ్చరైజ్ చేయకుండా నింపేస్తారు, బయట వెచ్చగా ఉంటే ఈస్ట్ ఆ పండు చక్కెర మళ్ళీ తినడం మొదలుపెట్టి గ్యాస్ పెరుగుతుంది, క్యాన్ పగలొచ్చు కూడా. ఏదైనా ఉబ్బి కనిపిస్తే దాని జోలికి పోకు.

ఇక పులుపు సంగతి. నేను ఇంట్లో బీర్ కాస్తుంటా, సోర్ కూడా చేశా. ఇది మన పెరుగు తోడు లాంటి పనే. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టి తీసిన తియ్యటి నీళ్ళని వార్ట్ అంటారు, దాన్ని మరిగించి 35-45 డిగ్రీలకి చల్లార్చి లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా వేస్తే ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది, పీహెచ్ 3.3 దగ్గరకి వచ్చేస్తుంది. అప్పుడు మళ్ళీ మరిగించి ఆ బ్యాక్టీరియాని చంపేసి ఈస్ట్ వేస్తారు, దీన్నే కెటిల్ సోర్ అంటారు. బీర్‌కి చేదునిచ్చే హాప్స్ పూలు ఎక్కువ వేస్తే లాక్టోబాసిల్లస్ పనిచేయదు, అందుకే నీకు చేదు తగల్లేదు. మామిడి తీపి ఏమైందంటే, గుజ్జు పడ్డాక అందులో చక్కెరంతా ఈస్ట్ తినేసింది, వాసన మిగిలింది, పులుపు మిగిలింది. నీ క్యాన్‌లో తప్పేమీ లేదు, పారబోసినందుకు నాకే బాధగా ఉంది.

బ్రస్సెల్స్ నుంచి:
మామ గారు చెప్పింది కరెక్టే కానీ అండి, కెటిల్ సోర్ ఒక్కటే తాగి సోర్ బీర్ అంటే ఇంతే అనుకోకండి. ఇక్కడ 1900 నుంచి నడుస్తున్న కాంటియాన్ అనే బ్రూవరీ ఉంది, చలికాలంలో వార్ట్‌ని వెడల్పాటి లోతులేని రాగి తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు, గాలిలో ఉండే ఈస్ట్, బ్యాక్టీరియానే దాన్ని పులియబెడతాయి, బయటి నుంచి ఏదీ వేయరు. తర్వాత ఏళ్ళ తరబడి చెక్క పీపాల్లో ఉంచుతారు, అది లాంబిక్. అందులో పుల్ల చెర్రీలు పిక్కలతో సహా నానేస్తే క్రీక్. మొదటిసారి తాగినప్పుడు ముందు చెర్రీ, ఆ వెనక పిక్క నుంచి వచ్చే బాదం వాసన, చివర్లో నేరేడు పండు తిన్నాక నాలుక మీద ఉండే వగరు, నేను అలా గ్లాసు పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నా. కొనేటప్పుడు లేబుల్ మీద ఔడే క్రీక్ అని ఉందో లేదో చూడండి, ఉత్త క్రీక్ అని ఉన్నవాటిలో చాలా తీపి కలిపినవి ఉంటాయి. మీరు ఆస్టిన్ అంటున్నారు కదా, ఊరి బయటే జెస్టర్ కింగ్ అనే బ్రూవరీ ఉంది, వాళ్ళు రాస్ప్‌బెర్రీలు వేసి చేసే ఏట్రియల్ రూబిసైట్ అనే సోర్ దొరికితే వదలకండి.

తాటితోపు:
మాది కోనసీమ. కల్లు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు, పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, ఇంకా ఉంచితే వెనిగర్ అయిపోతుంది. సోర్‌లో కూడా చూడాల్సింది అదే, ఏ పులుపు అని. తరవాణి, పెరుగు లాంటి మెత్తటి పులుపు అయితే మంచిది. ముక్కులో ఘాటుగా కొట్టి గొంతు మండితే వెనిగర్ దారి పట్టినట్టు, వాంతి వాసన వస్తే ఇక పారబోయడమే. తాగే పద్ధతి అంటే, ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పది నిమిషాలు ఆగు, మరీ చల్లగా ఉంటే పండు వాసన తెలీదు. క్యాన్ ఊపొద్దు, నెమ్మదిగా తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టు, గుజ్జు కలుస్తుంది. చిన్న గుక్కలు. మొదటి గుక్క నోటికి అలవాటు కోసమే, రుచి రెండోదాని నుంచి తెలుస్తుంది. పక్కన చేపల వేపుడు పెట్టుకో, నూనె మీద ఈ పులుపు చాలా బాగుంటుంది. గోంగూర మాత్రం వద్దు, పులుపు మీద పులుపు.

గోదారోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. క్యాన్లు ఏవీ ఉబ్బలేదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేశా. నిన్న రాత్రి చేప వేయించుకుని ఒకటి తీశా, తాటితోపు అన్న చెప్పినట్టు తిరగేసి, చిన్న గుక్కలతో. ఈసారి మామిడి ముందు వచ్చింది, పులుపు ఆ తర్వాత, మింగాక ప్యాషన్ ఫ్రూట్ వాసన కాసేపు అలా ఉండిపోయింది. మొత్తం తాగేశా. వచ్చే ఆదివారం జెస్టర్ కింగ్‌కి వెళ్తున్నా, ఆ రాస్ప్‌బెర్రీది దొరికితే ఇక్కడే రాస్తా.