రీయూనియన్‌కి వెళ్ళొచ్చాక మనసు మనసులో లేదు. ఈ సందేహాన్ని నమ్మాలా?

తాటిముంజె97 · ఆదివారం, రాత్రి 11:52

సంక్రాంతికి మా ఊళ్ళో పదో తరగతి 97 బ్యాచ్ రీయూనియన్ జరిగింది. ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు ఊరు మాది. బడికి బెల్లంటూ లేదు, వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. రైలు లేని కోనసీమలో మేం చూసిన మొదటి పట్టా అదే. ఆ రోజు నన్నూ ఓసారి కొట్టమన్నారు. కొట్టాను. ఆ మోత చెవిలో పడేసరికి ఎందుకో కళ్ళు తిరిగినంత పనైంది.

96 తుఫాను గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. దీపావళి రాత్రి కదా, మతాబులన్నీ తడిసి ముద్దయిపోయాయి. ఊరంతా బళ్ళో తలదాచుకున్నాం. ఒకే గదిలో ముప్పై మంది, ఎవరి దుప్పటి ఎవరు కప్పుకున్నారో తెలియదు. పెద్దవాళ్ళు భయపడుతుంటే మేం పిల్లలం చీకట్లో దాగుడుమూతలు ఆడాం. అంత హాయిగా నిద్రపోయిన రాత్రి నా జీవితంలో మళ్ళీ రాలేదు.

మియాపూర్ ఫ్లాటుకి తిరిగొచ్చి మూడు వారాలైంది. పని మీద ధ్యాస లేదు. ఇంటి లోను ఇంకా పదకొండేళ్ళుంది. ఎక్కడో దారి తప్పానా అనిపిస్తోంది. మానేసి వెళ్ళి రెండెకరాల కొబ్బరి చూసుకుందామని మా ఆవిడతో అంటే "నీకు బెంగ ఊరి మీద కాదు, వయసు మీద" అంది. ఆవిడ చెప్పిందే నిజమా, లేక ఇన్నాళ్ళూ చెవిన పెట్టని మాటేదో ఇప్పుడు వినపడుతోందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

చూస్తూ_ఉన్నా · సోమవారం, ఉదయం 6:10

సంక్రాంతి మత్తు. ఉగాదికి దిగుతుంది.

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 7:35

ముందుగా ఒక సవరణ. ఆ తుఫాను తీరం దాటింది 1996 నవంబరు 6, బుధవారం రాత్రి, కాకినాడకు దక్షిణంగా. ఆ ఏడాది దీపావళి 10వ తేదీ, ఆదివారం. నాలుగు రోజుల తేడా. దీపావళి రాత్రి తుఫాను అనడం తప్పు.

ఇక అసలు విషయం. ఇంగ్లీషు వాళ్ళు నోస్టాల్జియా అంటారే, ఆ మాట 1688లో పుట్టింది. యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బుకి పెట్టిన పేరది. అంటే పుట్టుకతో అదొక రోగం పేరు. ఇంటికి పంపడమే దానికి మందన్నాడు ఆయన. ఈ కాలపు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకో మాట చెబుతారు: మధ్యవయసు దాటినవాళ్ళని పాత సంగతులు చెప్పమంటే, పదేళ్ళకూ ముప్పై ఏళ్ళకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారట. పదో తరగతి మీ కళ్ళకు అంతగా మెరుస్తోందంటే ఆ మెరుపులో బడి గొప్ప కొంతే, మిగతాది మీ పదిహేనేళ్ళ వయసుది.

మనకి 'బెంగ' అన్న మాట ఎప్పుడూ ఉంది. హాస్టల్లో వేసిన పిల్లాడు బెంగ పెట్టుకుంటే తండ్రి వెళ్ళి రెండ్రోజులు ఇంటికి తీసుకొస్తాడు. అంతేగానీ చదువు మాన్పించడు. మీరూ రెండ్రోజులు వెళ్ళొచ్చారు. చాలు.

తాటిముంజె97 · సోమవారం, ఉదయం 9:20

మాస్టారూ, మిగతాదంతా ఆలోచిస్తాను. తేదీ మాత్రం ఒప్పుకోను. మతాబులు తడిసిన సంగతి నాకు నిన్నటిలా గుర్తుంది. మా తాతయ్య సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి ఇంట్లోనే చేసేవాడు. సిసింద్రీలు చుట్టి చుట్టి మా వేళ్ళు నల్లబడేవి. అవన్నీ చేటలో ఉండగానే వాన కొట్టింది.

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 9:48

చేటలో ఉన్నాయంటే ఎండబెట్టారన్నమాట. ఎండబెట్టేది పండక్కి నాలుగైదు రోజుల ముందు. మీ సాక్ష్యమే నా లెక్కని రుజువు చేస్తోంది.

చూస్తూ_ఉన్నా · సోమవారం, ఉదయం 9:51

మాస్టారు సెంచరీ.

దింపు_కత్తి · సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను కోనసీమలోనే ఉంటాను. ఎక్కడికీ పోలేదు. రెండెకరాల కొబ్బరి చూసుకుంటానన్న అయ్యగారికి నాలుగు ముక్కలు.

చెట్టెక్కే మనిషి దొరకడు. దొరికినా దింపు కూలి, వలుపు కూలి, బండి కిరాయి పోను చేతికొచ్చేది చూస్తే మీ ఫ్లాటు మెయింటెనెన్సుకి కూడా సరిపోదు. నల్లి వచ్చింది, కాయ చిన్నబోయింది. తర్వాత తెల్లదోమ వచ్చింది, ఆకు మీద నల్లటి మసి. వరి సంగతి మరీ అధ్వానం. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక నాట్లే వెయ్యకుండా క్రాప్ హాలిడే పెట్టాం. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ళంతా అప్పుడు ఎక్కడున్నారు?

మా బ్యాచ్ రీయూనియన్ కిందటేడు జరిగింది. మనిషికి మూడు వేలు, టీషర్టు, మాస్టర్లకి శాలువాలు. ఊళ్ళో ఉన్నానని షామియానా, భోజనాలు నాకప్పగించారు. గ్రూపు ఫోటో తీసేటప్పుడు నేను సాంబారు బకెట్ దగ్గరున్నాను. ఆ ఫోటోనే ఫ్లెక్సీ వేశారు. అందులో నేను లేను. మీ తీపి గుర్తుల వెనకాల ఎవడో ఒకడు గరిటె తిప్పుతుంటాడు, ఆయ్.

ఫ్రిస్కో_వదిన · సోమవారం, మధ్యాహ్నం 3:40

ఇక్కడ తెల్లవారుజాము నాలుగైంది, నిద్ర పట్టక చదువుతున్నాను. అందరూ ఊరికి వెళ్ళాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. మీ రీయూనియన్‌కి ఆడవాళ్ళు ఎంతమంది వచ్చారో ఎవరైనా చెప్పండి.

మా దాంట్లో ముప్పై రెండు మంది ఆడపిల్లలం చదివాం. వచ్చినవాళ్ళు ఐదుగురు. కొందరి ఫోన్ నంబర్లే ఎవరి దగ్గరా లేవు. ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఎలా వెతుకుతారు? నాకు పదిలో 600కి 521 వచ్చాయి. మార్కులు తెలిసిన వారానికే సంబంధం చూశారు. పెళ్ళయ్యాక ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశాను, అది వేరే కథ. తాటిముంజె గారు దారి తప్పానా అని దిగులు పడుతున్నారు. ఆ దారిని కనీసం మీరు ఎంచుకున్నారు కదండీ. నాకు పాత రోజులు గుర్తొస్తే ఆనందమేస్తుంది, నిజమే. రిబ్బన్లు, రేగొడియాలు, ఎదుర్లంక రేవులో పంటు కోసం ఎదురుచూపులు... కానీ వెంటనే 521 కూడా గుర్తొస్తుంది.

తాటిముంజె97 · సోమవారం, సాయంత్రం 6:05

ఎంచుకున్నానా? ఇంటర్లో ఎంపీసీ నాన్న చేర్చారు. ఎంసెట్ ర్యాంకు వచ్చింది గనక ఇంజనీరింగ్. అప్పట్లో అందరూ కంప్యూటర్లంటే నేనూ కంప్యూటర్లు. ఎవరైనా ఆగి "నీకేం కావాలిరా" అని అడిగుంటే కదా!

దింపు_కత్తి గారూ, గరిటె మాట నొప్పించింది. మా భోజనాలు క్యాటరింగ్ వాళ్ళే చూశారు. అయినా ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఊరు మీ సొత్తు కాదు. తుఫాను రాత్రి ఆ బళ్ళో నేనూ ఉన్నాను. ఆ జ్ఞాపకం నాది.

దింపు_కత్తి · సోమవారం, సాయంత్రం 6:30

జ్ఞాపకం మీదే ఉంచుకోండి. మాకు 62 చెట్లుండేవి, తెల్లారేసరికి 41 పడున్నాయి. మా నాన్న వాటి మధ్య తిరుగుతూ ఒక్కోదానికీ చెయ్యి ఆనించి లెక్కపెట్టాడు. మీరు దాగుడుమూతలు ఆడుకున్నారు. బాగుంది.

తాటిముంజె97 · సోమవారం, సాయంత్రం 6:34

నాకు పదిహేనేళ్ళు అప్పుడు! ఏడవమంటారా? మా ఇంటి పెంకు కూడా మొత్తం పోయింది. కష్టాలు మీకే జరిగినట్టు మాట్లాడకండి.

దింపు_కత్తి · సోమవారం, సాయంత్రం 6:41

పెంకు పోతే మళ్ళీ నేసుకుంటారు. కొబ్బరి మొక్క పాతితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఎవరికి పోయాయో అడగండి.

లెక్కల_మాస్టారు · సోమవారం, సాయంత్రం 7:02

ఇద్దరూ శాంతించండి. తేదీ విషయం తేలకుండానే వాదన ఎక్కడికో పోయింది. మళ్ళీ చెబుతున్నాను, 6వ తేదీ.

చూస్తూ_ఉన్నా · సోమవారం, సాయంత్రం 7:03

మాస్టారూ, ఇక వదిలెయ్యండి. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

రేవు_దీపం · సోమవారం, రాత్రి 9:26

అవుతుందండి. మామూలుగా చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈ మాటకి రాయాల్సి వచ్చింది.

మాస్టారు చెప్పిందే కరెక్టు, ఆరో తేదీ. మా నాన్న అంతకు ముందు వేటకెళ్ళాడు. బోటులో మా పెదనాన్న కొడుకు కూడా ఉన్నాడు. రాలేదు. మా రేవు నుంచే చాలామంది రాలేదు. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారని తర్వాత పేపర్లో రాశారు. మా నాన్న శవం దొరకలేదు. దీపావళి నాడు మా అమ్మ రేవులోనే కూర్చునుంది, ఇంకా వస్తాడనే. ఆ నాలుగు రోజులూ మాకు ఆయన బతికే ఉన్నాడు. అందుకే నాలుగు రోజులు అటూ ఇటూ ఒకటి కాదు. ఆ తర్వాత ఒక ఆఫీసుకి వెళ్తే ఆచూకీ లేనివాళ్ళకి ఏడేళ్ళు ఆగాలమ్మా అని చెప్పి పంపారు.

తాటిముంజె గారిని తప్పు పట్టడానికి రాయలేదు. నేనూ ఆ రాత్రి ఓ బళ్ళోనే పడుకున్నాను. ఏడో తరగతి నాకు. నేనూ ఆడుకున్నాను. బల్లల కింద దూరి ఒకణ్ణొకరు భయపెట్టుకున్నాం. చాలా నవ్వాను. అప్పటికి నాకేమీ తెలియదు కదా. ఇప్పటికీ ఆ గది తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది. తర్వాత ఆ నవ్విన టైముకి నాన్న ఎక్కడున్నాడో అనిపిస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ టపాసులు కాల్చం. మా పాప ఎందుకని అడుగుతుంది, పొగ పడదని చెబుతాను.

తాటిముంజె97 · సోమవారం, రాత్రి 10:15

క్షమించండి. మా క్లాసులో రేవు నుంచి వచ్చే కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. తుఫాను తర్వాత ఇద్దరు బడికి రాలేదు. రీయూనియన్‌లో మా ఎవరి నోటా వాళ్ళ పేర్లు రాలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఒకడి పేరే తెలుస్తోంది.

ఫ్రిస్కో_వదిన · సోమవారం, రాత్రి 10:50

ఆ రెండో కుర్రాడి పేరు కనుక్కోండి తమ్ముడూ. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటుంది.

దింపు_కత్తి · సోమవారం, రాత్రి 11:37

రేవు_దీపం గారి మాట చదివాక ఇందాక నేను రాసినవి చూసుకున్నాను. చెట్ల గురించి గొడవపడ్డాను. సరే.

ఇంకో సంగతి రాసి పడుకుంటాను. పది అయ్యాక నాకు పాలిటెక్నిక్ సీటొచ్చింది, కాకినాడలో. చెట్లు పడ్డ ఏడాది కదా, నాన్న వెళ్ళొద్దనలేదు. అసలు ఏమీ అనలేదు. నేనే ఉండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళు దాని గురించి ఆలోచించలేదంటే నమ్మండి, తీరిక లేక. రీయూనియన్ రోజు నా పక్కబెంచీ వాడు కారు దిగి, "అదృష్టవంతుడివిరా, హాయిగా ఊళ్ళో ఉన్నావు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ రాత్రి నుంచి మా ఆవిడకి చెప్పకుండా అరుగు మీద కూర్చుంటున్నాను. అదృష్టమా ఇది? వెళ్ళుంటే ఏమయ్యేవాణ్ణి? మీరొచ్చి ఫోటోలు దిగి సందేహాలతో మియాపూర్ వెళ్ళిపోతారు. ఇక్కడున్నవాళ్ళకి కూడా ఒక సందేహం వదిలేసి పోతారు. నా కోపం మీ మీద కాదు. మీకు తిరిగి వద్దామా అని ఆలోచించుకునే వీలుంది. ఉందామా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడుక్కోలేదు.

తాటిముంజె97 · మంగళవారం, ఉదయం 5:58

రాత్రి మీది మూడుసార్లు చదివాను. మా ఆవిడకీ చదివి వినిపించాను. నేను రెండెకరాలన్నప్పుడు నా బొమ్మలో చెట్లెక్కేవాడు లేడు, తెల్లదోమ లేదు, మీరూ లేరు. నేను, చెరువు గట్టు, సాయంత్రం, అంతే. ఉద్యోగం మానెయ్యడం సంగతి ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు. వచ్చే నెల రెండో శనివారం ఊరొస్తున్నాను, బడికెళ్ళి రిజిస్టర్ అడుగుతాను. వీలైతే మిమ్మల్ని కలుస్తాను.

దింపు_కత్తి · మంగళవారం, ఉదయం 6:20

రెండో శనివారం బడికి సెలవండి. శుక్రవారం రండి.

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 7:10

రేవు_దీపం బాబూ, నేను తేదీని లెక్కగానే చూశాను. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

గోదారి_ప్రాపర్టీస్_అభిమాని · మంగళవారం, ఉదయం 11:02

థ్రెడ్ మొత్తం చదవలేదు. ముమ్మిడివరం సైడు కొబ్బరి తోట ఎకరం ఎంత ఉందండీ ఇప్పుడు?