అప్‌డేట్: ఓటు హైదరాబాద్‌కి మార్చేసుకున్నాను

సొంతూరు భీమవరం దగ్గర, కాపురం కూకట్‌పల్లిలో, ఓటు ఎక్కడ ఉంచుకోవాలి అని అడిగాను కదా. ఇక్కడికే మార్చుకున్నాను. కొత్త ఓటుకిచ్చే ఫారం 6 కాదు, ఫారం 8 పెట్టాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినా అదే. అద్దె అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించి ఉండటం బాగా కలిసొచ్చింది. బీఎల్వో (మా పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి) ఇంటికొచ్చి, పక్కింటావిడని కూడా అడిగి వెళ్లారు.

ఊళ్లో ఇల్లుందిగా, అక్కడే ఉంచమని నాన్న పట్టుబట్టారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చదివి వినిపించాను: ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కింద లెక్క కాదు. రెండుచోట్లా ఉంచుకోవడం 17వ సెక్షన్ ఒప్పుకోదు. మేం తాగే నీళ్లు, పిల్లలు నడిచే రోడ్డు ఇక్కడివి. వాటి గురించి ఇక్కడి ఎమ్మెల్యేని ఓటరుగా నిలదీయాలని నా పట్టుదల. పంచాయతీ ఎన్నికలకి రావన్నమాట అని అమ్మ ఇంకా బాధపడుతోంది.