నోటితో అనగలిగే రిఫ్ ఉంటేనే రాక్ పాట నిలుస్తుందా?

పాలకొల్లు పాత క్యాసెట్:
గొడవవుతుందని తెలిసే మొదలుపెడుతున్నాను. దశాబ్దానికో రాక్ పాట ఏరుకోమంటే నా జాబితా ఇది: రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫ్యాక్షన్’ (1965), డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ (1972), గన్స్ ఎన్ రోజెస్ ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ (1987), నిర్వాణ ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ (1991), వైట్ స్ట్రైప్స్ ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ (2003). ఐదింటిలోనూ గిటారు రిఫ్‌ని, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ చిన్న గిటారు ముక్కని, నోటితో అనేయొచ్చు. ఇంగ్లిషు రానివాడు కూడా రెండోసారికి అందుకుంటాడు. నిలిచేది ఆ రిఫ్. మిగతా పాటంతా దాని పేరు చెప్పుకుని బతుకుతుంది. కాదంటారా?

భీమవరం బీటెక్:
కాదంటాను అన్నా. ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ వినిపించబట్టే నిలిచాయి. క్వీన్ వాళ్ళ ‘బొహీమియన్ రాప్సొడీ’ 1975 పాట. 1992లో ‘వేన్స్ వరల్డ్’ సినిమాలో కుర్రాళ్ళు కారులో తలలూపుతూ పాడాక అమెరికాలో రెండో స్థానం దాకా ఎక్కింది. కేట్ బుష్ ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ అచ్చమైన రాక్ కాదనుకో, 1985లో వచ్చిన ఆ పాట 2022లో ఒక సిరీస్ పుణ్యమా అని బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఎవరూ వినిపించక మూలన పడిపోయిన మంచి రిఫ్‌లు ఎన్ని ఉన్నాయో మనకేం తెలుసు?

నర్సాపురం గిటారు:
ఇద్దరికీ నమస్కారమండి. చర్చిలో గిటారు వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. మా వైపు గిటారు పట్టినవాళ్ళలో చాలామంది చర్చిలోనే పట్టారు. సముద్రపు గాలికి తీగలు ఇట్టే తుప్పు పడతాయి, మార్చుకుంటూనే ఉంటారు, ఆయ్.

కొత్త కుర్రాడు జి, సి, డి కార్డ్స్ (కొన్ని తీగలు నొక్కి ఒకేసారి మోగించే స్వరాలు) దగ్గర వేళ్ళు మండిపోయి ఇక మానేస్తాననే టైములో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ చూపిస్తాను. అసలు దాన్ని రెండు తీగలు కలిపి లాగుతారు కానీ, ఒక్క తీగ మీద కూడా పలుకుతుంది. 0-3-5, 0-3-6-5, 0-3-5, 3-0. ఈ ఫ్రెట్లు (గిటారు మెడ మీది గళ్ళ నంబర్లు, 0 అంటే నొక్కకుండా వట్టి తీగ) తప్ప ఇంకేం అక్కర్లేదు. ఆ పూటకే వాయించేసి, ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు వినిపిస్తాడు. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో క్యాసినో తగలబడి, పొగ సరస్సు మీద కమ్ముకుంటే అది చూసి కట్టిన పాట అని తర్వాతెప్పుడో చెబుతాను. ఆ వయసులో వాడికి ఆ కథ పట్టదు. కొత్తవాడి చేతికి మొదట్లోనే దొరికే పాట ఎలా పోతుందండి?

అయితే రిఫ్ ఒక్కటే చాలదు. ‘శాటిస్‌ఫ్యాక్షన్’ రిఫ్‌ని కీత్ రిచర్డ్స్ అసలు బూరలకు అనుకున్నాడు. గుర్తు కోసం ఫజ్ పెడల్‌తో (గిటారు మోతను గరగరలాడించే పరికరం) వాయించి పెట్టింది అలాగే బయటికొచ్చేసింది. అదే ఏడాది ఓటిస్ రెడింగ్ బూరలతోనే పాడాడు, బ్రహ్మాండంగా ఉంటుంది. అయినా జనానికి గుర్తున్నది ఆ గిటారు గరగరే.

అమలాపురం అమ్మాయి:
లెడ్ జెప్లిన్ ‘స్టేర్‌వే టు హెవెన్’ (1971) ఏమైపోయింది మాస్టారూ? ఎనిమిది నిమిషాల పాట, డ్రమ్స్ సగం దాటితే గానీ రావు. అప్పట్లో బ్రిటన్‌లో సింగిల్‌గా (విడి పాటగా) కూడా వదల్లేదు. బీటెక్ గారి లెక్క ప్రకారం అది ఎప్పుడో పోవాలి.

మా నాన్నగారు కువైట్ నుంచి తెచ్చుకున్న క్యాసెట్‌లో ఈగిల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ ఉండేది. ఆయనకు మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. చివర్లో రెండు గిటార్లు ఒకదాన్నొకటి అందుకునే చోటికి వచ్చేసరికి మాత్రం కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అది రిఫ్ కాదు కదా.

పాలకొల్లు పాత క్యాసెట్:
చెల్లెమ్మా, ఆ చివరి ముక్క మీ నాన్నగారు కూనిరాగం తీసేవారా లేదా, నిజం చెప్పు! నేననేదీ అదే.

బీటెక్ తమ్ముడూ, 2003లో మిలాన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళిన బెల్జియం క్లబ్ బ్రూగె అభిమానులు ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ ఎత్తుకున్నారు. 2006 ప్రపంచకప్పు వచ్చేసరికి ఇటలీ అంతా అదే పాట. వాళ్ళకు ఏ సినిమా నేర్పింది? ‘వి విల్ రాక్ యు’ (1977) అయితే జనం చేత చేయించడానికే బ్రయాన్ మే కట్టాడు. రెండు తొక్కుళ్ళు, ఒక చప్పట్టు. డ్రమ్స్ లేవు, గిటారు చివర్లో వస్తుంది.

భీమవరం బీటెక్:
సంక్రాంతికి బరి దగ్గర డీజే అది వేస్తే అందరూ కాళ్ళు తొక్కుతారు. ఎవరి పాటని అడిగితే ఒక్కడూ చెప్పడు. సరే, అదీ నిలవడమే అనుకుందాం. మరి నీ జాబితా 2003 దగ్గరే ఎందుకు ఆగింది అన్నా? ఆ తర్వాతది ఒక్కటి చెప్పు.

నర్సాపురం గిటారు:
ఆయన బదులు నేను చెబుతానండి. మా పిల్లలు ఎక్కువగా అడిగేది ఆర్కిటిక్ మంకీస్ ‘డూ ఐ వానా నో’, 2013. అది కూడా తొక్కుడు, చప్పట్టు లాంటి దరువుతోనే మొదలవుతుంది, ఆ పైన నెమ్మదిగా రిఫ్. నేర్పడానికి ఒక్క క్లాసు చాలు.