కొజుమెల్‌లో స్కూబా: షిప్పు కౌంటర్లో బుక్ చేయాలా, బయట డైవ్ షాపులోనా?

కేటీ_రాం: జనవరిలో టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల వెస్టర్న్ కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నాం. మెక్సికో దీవి కొజుమెల్‌లో షిప్పు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది. 4.30కల్లా అందరూ ఎక్కేయాలట. నాకు ఓపెన్ వాటర్ కార్డు (స్కూబా మొదటి స్థాయి సర్టిఫికెట్) ఉంది, చివరి డైవ్ అయి మూడేళ్లు దాటింది. మా ఆవిడకి ఈత వచ్చు, స్కూబా కొత్త. ఇద్దరం కలిసి దిగాలని, పలంకార్ రీఫ్ (పగడపు దిబ్బ) చూడాలని ఉంది. హెచ్1బీ మీద ఉన్నాం. షిప్పు వాళ్ల ట్రిప్పు మేలా, షాపుతో నేరుగా మాట్లాడుకోవడం మేలా?

నైట్రాక్స్32: బయటే బుక్ చేయండి. డబ్బు కోసం కాదు, రీఫ్ కోసం చెప్తున్నాను. పలంకార్, కొలంబియా, శాంటా రోసా వాల్ (నీళ్లలో నిటారుగా దిగే రీఫ్ గోడ) అన్నీ దీవికి నైరుతి వైపు ఉన్నాయి. షిప్పులు ఆగే ఇంటర్నేషనల్ పియర్, పుయెర్తా మాయా దగ్గర్నుంచి పలంకార్‌కి వేగంగా పోయే చిన్న పడవకే అరగంట పైన పడుతుంది. జనం నిండిన పెద్ద పడవ అంత దూరం పోయి రావడం ఆలస్యమని, షిప్పు ట్రిప్పుల్లో చాలాసార్లు దగ్గర్లోని పారడైజ్, చంకనాబ్ రీఫుల మీదే దింపేస్తారు. అవీ బాగుంటాయి, కానీ మీరు అడిగింది పలంకార్.

రెండో సంగతి, కొజుమెల్‌లో లంగరు వేసి డైవ్ చేయరు. ప్రవాహం మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది, మనం దాంతోపాటే పోతాం, పడవ పైన మన బుడగలు చూసుకుంటూ వెంట వస్తుంది. గుంపు పెద్దదైతే ఇదే తలనొప్పి. అందరికీ ఇచ్చేది 80 ఘనపుటడుగుల అల్యూమినియం సిలిండరే, 3,000 పీఎస్ఐ గాలి ఒత్తిడితో మొదలు. కొత్తవాడొకడు పాతిక నిమిషాల్లో 700కి వచ్చేస్తే, ఒకే గైడు ఉన్న గుంపులో 1,500 మిగిలినవాళ్లు కూడా పైకి రావాల్సిందే. ఈ రీఫులున్న సముద్ర పార్కులో గైడు లేకుండా ఉండనివ్వరు మరి.

షాపుకి మెయిల్‌లో ఇవి అడగండి: గైడుకి ఎంతమంది, పడవ ఎక్కేది ఎక్కడ, మొదటి డైవ్ ఏ రీఫ్, షిప్పు రేవుకి రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా. చివరిదానికి జవాబు రాతలోనే తీసుకోండి.

లంగరు_హ్యూస్టన్: రాం గారూ, పైన చెప్పినవి మీలాంటివాళ్లకి పనికొచ్చే మాటలు కావు. షిప్పు ట్రిప్పులో ఉన్నప్పుడు పడవ ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది, ఆగలేకపోతే వాళ్ల ఖర్చుతో తర్వాతి రేవుకి చేరుస్తుంది. బయట బుక్ చేస్తే మీ ఇద్దరూ రేవు మీద నిలబడి షిప్పు వెళ్లిపోవడం చూడాలి. ఇంజను చెడిపోవచ్చు, ట్యాక్సీ దొరక్కపోవచ్చు.

పైగా జనవరి. ఉత్తర గాలి లేస్తే హార్బరు అధికారి చిన్న పడవలకి రేవు మూసేస్తాడు. పెద్ద షిప్పు మాత్రం పుయెర్తా మాయాలో మామూలుగానే ఆగి ఉంటుంది. అప్పుడు షిప్పులో బుక్ చేసినవాళ్ల డబ్బు అకౌంట్లోకి దానంతటదే వస్తుంది. బయటివాళ్లు? "షిప్పు వచ్చింది కదా, వచ్చేసారి వచ్చినప్పుడు వాడుకోండి" అని క్రెడిట్ చేతిలో పెట్టిన షాపు నాకు తెలుసు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

సాగరిక_మ: హెచ్1బీ అన్నారు కాబట్టి: చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు ఉంటే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు చూసుకోండి. పాస్‌పోర్టు తడి పడవలోకి తీసుకెళ్లకండి, క్యాబిన్ లాకర్లో పెట్టి ఫోన్లో ఫోటో ఉంచుకోండి. పోర్టు ఏజెంటు (రేవులో షిప్పు తరఫు మనిషి) నంబరు ఆ రోజు కార్యక్రమం కాగితం మీద ఉంటుంది, అదీ ఫోటో తీసుకోండి.

నైట్రాక్స్32: లంగరు గారూ, మీ పద్ధతిలోనే టైము లెక్క వేద్దాం. గాల్వెస్టన్ షిప్పు మామూలుగా సెంట్రల్ టైము మీద నడుస్తుంది. కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 ఫిబ్రవరి నుంచి ఏడాది పొడుగునా ఈస్టర్న్ స్టాండర్డ్ టైములో ఉంది. అంటే జనవరిలో షిప్పు గడియారం 8 అంటే దీవిలో 9. షాపుల ఉదయం పడవలు దీవి టైము 8, 8.30కే వెళ్లిపోతాయి, మీ షిప్పు రేవుకి రాకముందే! కాబట్టి దీవి టైము పదింటి తర్వాత కదిలే పడవ కావాలి. సాయంత్రం ఇదే లెక్క మనకి అనుకూలం: షిప్పు 4.30 అంటే దీవిలో 5.30. రెండు సిలిండర్ల (అంటే రెండు డైవ్‌ల) ట్రిప్పు దీవి టైము 10.30కి మొదలైతే 3.30కల్లా ఒడ్డున ఉంటారు. ఇంకా రెండు గంటలు చేతిలో ఉన్నట్టే.

లంగరు_హ్యూస్టన్: తప్పు. కొజుమెల్‌కీ టెక్సస్‌కీ టైము తేడా లేదు. షిప్పులో ఎవర్ని అడిగినా అదే చెప్తారు.

నైట్రాక్స్32: వేసవిలో తేడా ఉండదు, టెక్సస్ డేలైట్ టైముకి వెళ్తుంది కాబట్టి. జనవరిలో గంట తేడా. 2015కి ముందు రాసిన సలహాలన్నీ తేడా లేదనే అంటాయి, అప్పుడు కింతానా రో కూడా సెంట్రల్‌లోనే ఉండేది. మయామీ షిప్పులకి ఇది తిరగబడుతుంది: చలికాలంలో సమానం, వేసవిలో దీవి గంట వెనక. అక్కడ షిప్పు 4.30 అంటే దీవిలో 3.30 మాత్రమే. షిప్పు అందనివాళ్లు పడే ఉచ్చుల్లో అదొకటి. మీరు భయపెడుతున్నది మయామీ వేసవి సంగతి, రాం గారిది గాల్వెస్టన్ జనవరి.

లంగరు_హ్యూస్టన్: కొన్ని షిప్పులు తమ గడియారాన్నే దీవి టైముకి మార్చేస్తాయి. అప్పుడు మీ రెండు గంటల్లో ఒక గంట పోయినట్టే.

నైట్రాక్స్32: మారిస్తే ముందురోజు రాత్రే క్యాబిన్‌కి కాగితం వస్తుంది. ఉదయం పడవా, మధ్యాహ్నం పడవా అన్నది దాన్ని బట్టే తేలుతుంది కాబట్టి షాపుతో రెండింటికీ మాట్లాడి పెట్టుకోవాలి.

బందరు_బాబీ: ఫోన్ని నమ్మొద్దు. టవర్ అందగానే దీవి టైము చూపిస్తుంది. డైవ్ కంప్యూటర్లోనో చేతి గడియారంలోనో షిప్పు టైము పెట్టుకోండి చాలు. ఈ గొడవ ఇక్కడితో ఆపండి సార్లూ.

లంగరు_హ్యూస్టన్: ఎందుకు ఆపాలి? ఆయన ప్రతి చర్చలో ఇదే చేస్తారు. వందల డైవ్‌లు చేసినవాళ్ల లెక్కలు తెచ్చి కొత్తవాళ్ల మీద రుద్దుతారు. అడిగిన మనిషి చివరి డైవ్ మూడేళ్ల కిందట! ఆయన్ని శాంటా రోసా గోడ మీదకి పంపిస్తారా మీరు? కింద అడుగు కనిపించదు, ప్రవాహం లాగుతుంటుంది, బాయెన్సీ (నీళ్లలో తేలకుండా మునగకుండా ఉండే పట్టు) చేతిలో లేకపోతే తెలియకుండానే 30 మీటర్లకి జారిపోతాడు. ఓపెన్ వాటర్ కార్డు హద్దు 18.

నైట్రాక్స్32: శాంటా రోసాకి పంపమని ఎక్కడన్నాను? చూపించండి. పలంకార్ అన్నాను. పలంకార్ గార్డెన్స్‌లో రీఫ్ పైభాగం తక్కువ లోతులోనే ఉంటుంది, 15 మీటర్ల దగ్గర హాయిగా పోవచ్చు. ఇక మీరు పదేపదే అనే "షిప్పు భద్రత" సంగతి. షిప్పు టికెట్ కాంట్రాక్టు తీసి చదవండి. డైవ్ నడిపేది దీవిలోని కాంట్రాక్టరు, వాళ్లు స్వతంత్రులు, వాళ్ల తప్పుకి మాకు బాధ్యత లేదని రాసి ఉంటుంది. షిప్పు హామీ ఇచ్చేది మిమ్మల్ని వదిలి వెళ్లనని మాత్రమే. నీళ్లలో మీ పక్కన ఉండేది ఎలాగూ ఒక కొజుమెల్ గైడే. అతని చేతికింద నలుగురున్నారా, పన్నెండుమంది ఉన్నారా అన్నదే నాకు భద్రత.

లంగరు_హ్యూస్టన్: నేను చెప్పేది వేరే. చాలా షిప్పులు రెండేళ్లలోపు డైవ్ చేసినట్టు లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) చూపించమంటాయి. లేకపోతే డైవ్ ట్రిప్పు ఎక్కనివ్వవు. రాం గారిని షిప్పు ఆపేస్తుంది. ఆపాలి కూడా! మీ షాపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని ఎక్కించేస్తుంది. వద్దని చెప్పేవాడు ఒకడుండాలి, ఇంతసేపూ నేనంటున్నది అదే.

నైట్రాక్స్32: అదే అయితే మొదట్నుంచీ అదే అనాల్సింది, టైము మీద పడ్డారు. సరే, దీనికి నా జవాబు: రెండేళ్ల నియమం కాగితాన్ని చూస్తుంది, మనిషిని చూడదు. నిరుడు ఒక్క డైవ్ చేసినవాడు కాగితం మీద పాస్, పదేళ్లు చేసి మూడేళ్లు ఆగినవాడు ఫెయిల్. మంచి గైడు మొదటి ఐదు మీటర్లలో చూస్తాడు: మాస్కులో నీళ్లు తీయగలడా, రెగ్యులేటరు (గాలి పీల్చే నోటి పరికరం) వదిలి మళ్లీ పట్టుకోగలడా, చేతులు కొట్టకుండా నిలబడగలడా. కుదరకపోతే అక్కడే పైకి తీసుకొస్తాడు. వద్దని చెప్పాల్సింది నీళ్లలో చూసిన మనిషి.

లంగరు_హ్యూస్టన్: నీళ్లలోకి దిగాక వద్దనడం కష్టం. డబ్బు కట్టారు, పడవలో మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు, ప్రవాహం లాగుతోంది. అంతటి ఒత్తిడిలో ఎంతమంది గైడ్లు వెనక్కి తెస్తారు? వద్దనేది ఒడ్డునే అనాలి.

సాగరిక_మ: డైవ్‌మాస్టరుగా (డైవ్ గైడుగా) పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. దీంట్లో ఇద్దరూ సగం సగమే పట్టుకున్నారు. రాం గారు ఇంటి దగ్గరే రిఫ్రెషర్ (నేర్చుకున్నవి మళ్లీ సాధన చేయించే చిన్న క్లాసు) చేసుకోవాలి. హ్యూస్టన్, డల్లాస్‌లో కొలనులో సగం పూటలో అయిపోతుంది. లాగ్‌బుక్‌లో సంతకం, తేదీ వేయించుకోండి. దాన్ని షిప్పు ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి, కొన్ని చోట్ల సముద్రంలో చేసిన డైవే కావాలంటారు.

ఆవిడ సంగతి ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు, అసలు చిక్కు అక్కడుంది. కార్డు లేనివాళ్లకి ఉన్నది డిస్కవర్ స్కూబా లాంటి, ఇన్‌స్ట్రక్టరు వెంట ఉండి చేయించే పరిచయ డైవ్ ఒక్కటే. లోతు హద్దు 12 మీటర్లు, ఇన్‌స్ట్రక్టరు చేతికింద నలుగురికి మించకూడదు. ఆవిడ మామూలు పలంకార్ ట్రిప్పుకి రాలేరు. రాం గారే ఆవిడతో 12 మీటర్ల డైవ్‌కి వెళ్లొచ్చు. కలిసి దిగాలంటే పలంకార్ వదులుకోవాలి. పలంకార్ కావాలంటే ఆ రోజు ఇద్దరూ వేర్వేరు. షిప్పయినా షాపయినా చాలావరకు ఇంతే.

ఇంకోటి, మెడికల్ ఫారం. ఆస్తమా, బీపీ మందులు, షుగరు, చెవి ఆపరేషన్ లాంటివాటికి అవునని రాయాల్సివస్తే డాక్టరు సంతకం ఉండాలి. పడవ దగ్గర అవునని రాసి సంతకం లేకపోతే వెనక్కి పంపేస్తారు, షిప్పు ట్రిప్పు అయినా డబ్బు రావడం కష్టం. అబద్ధం రాయకండి. ఫారం ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి ఇక్కడి డాక్టరుతో పూర్తి చేయించుకోండి.

కేటీ_రాం: మా ఆవిడకి చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. ఇప్పుడు మందులు లేవు.

సాగరిక_మ: అయినా అవునని రాయాల్సి రావచ్చు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించి, డాక్టరు సరేనంటేనే. పైకి వచ్చేటప్పుడు గాలి ఎక్కడైనా చిక్కుకుంటే ఊపిరితిత్తి చిట్లుతుంది, దానికి 12 మీటర్ల లోతు అక్కర్లేదు, రెండు మీటర్లు చాలు. జనవరికి టైముంది, ముందు ఇది తేల్చుకోండి.

లంగరు_హ్యూస్టన్: నేనన్నది ఇదే. ఒడ్డున అనాలి.

నైట్రాక్స్32: ఇది డాక్టరు అనే మాట, షిప్పు కౌంటరు అనేది కాదు. దీంట్లో నాకు అభ్యంతరం లేదు. రాం గారి డైవ్ విషయంలో మాత్రం నా మాట మారదు: రిఫ్రెషర్ చేసి, గైడుకి నలుగురు మించని పడవ, మొదటి డైవ్ పలంకార్ గార్డెన్స్, రెండోది యుకాబ్ రీఫ్.

లంగరు_హ్యూస్టన్: నా మాటా మారదు. మూడేళ్లు ఆగినవాడి మొదటి డైవ్ ప్రవాహంలో ఉండకూడదు.

బందరు_బాబీ: రాం గారూ, ఏది తీసుకున్నా చేతి గ్లోవ్స్, కత్తి పెట్టుకెళ్లకండి, పార్కులో నిషేధం. డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) డైవ్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు. పొడుగాటి రంగు బెలూన్ ఒకటి కొనుక్కోండి, పైకి వచ్చేముందు వదలడానికి. అక్కడ తలపైన పడవలు ఎక్కువ.

కేటీ_రాం: ఇంటి దగ్గర రిఫ్రెషర్‌కి ఈ రోజే రాశాను. ఆవిడకి పల్మనాలజిస్టు అపాయింట్‌మెంటు తీసుకుంటున్నాను. జనవరిలో నీళ్లు బాగా చల్లగా ఉంటాయా?

బందరు_బాబీ: 26 డిగ్రీల దగ్గర ఉంటాయి. 3 మిల్లీమీటర్ల ఫుల్ సూటు చాలు. రెండో డైవ్ అయ్యాక పడవ మీద గాలికే చలి, ఒక జాకెట్టు పెట్టుకోండి.